ఆమె తోలినప్పుడే

మంగళవారం ఉదయం 10.40.

తర్లుపాడు నుంచి మార్కాపురం వచ్చే రోడ్డు మీద ఒక కుడి మలుపు. మలుపు పక్కనే కల్వర్టు. తెల్ల వ్యాన్ ఒకటి ఆ మలుపు తిరగలేదు. నేరుగా పోయి కల్వర్టు గోడకు కొట్టుకుంది. ఎడమవైపు తలుపు లోపలికి నొక్కుకుపోయింది.

ఆ తలుపు పక్క సీట్లో కాటమరాజు చనిపోయి ఉన్నాడు. నలభై రెండేళ్ళ మనిషి. మార్కాపురంలో రాతి పలకల ఫ్యాక్టరీలో మిషన్ మీద పని చేసేవాడు.

బండి తోలింది అతని భార్య సుజాత. నుదుటి మీద చిన్న చీలిక తప్ప ఆమెకు దెబ్బ లేదు.

దెబ్బ లేకపోవడమే ఆమె తప్పయింది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కరుణాకరం 11.25కు స్పాట్‌కు వచ్చాడు. యాభై నాలుగేళ్ళ వయసు. మాట తక్కువ. ముందు శవాన్ని చూశాడు. తరువాత రోడ్డును చూశాడు. కానిస్టేబుల్ శ్యాంసన్ చేత టేపు పట్టించాడు.

"ఎంత?"

"బ్రేకు మరకలు పదకొండు మీటర్లు సార్."

"వంపు?"

"లేదు సార్. గీత గీసినట్లు తిన్నగా ఉన్నాయి."

కరుణాకరం వంగి చూశాడు. మలుపు ఉన్న చోట బ్రేకు వేసిన వాళ్ళెవరైనా కొంచెమైనా చక్రం తిప్పుతారు. ఇక్కడ తిప్పిన గుర్తే లేదు.

"ఇది యాక్సిడెంట్ కాదు సార్."

వెనక నుంచి వచ్చిందా మాట. కాటమరాజు అన్న గురవయ్య. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటున్నాడు.

"మరి ఏంది?"

"చంపింది. రాత్రి ఇద్దరూ పోట్లాడుకున్నారు. వీధి వీధంతా విన్నది. పొద్దున్నే వాణ్ణి ఎడమ పక్క కూర్చోబెట్టుకొని, ఎడమ పక్కనే గోడకు కొట్టింది. ఆమెకేమన్నా అయిందా? చూడండి."

"నువ్వు చూసినావా?"

"చూసేది ఏముంది సార్? ఆడదానికి వ్యాన్ ఏందిరా అని నేను మొదటినుంచీ మొత్తుకుంటనే ఉన్నా. నా మాట విన్నాడా? దగ్గరుండి నేర్పిచ్చినాడు. లైసెన్స్ ఇప్పిచ్చినాడు."

"లైసెన్స్ ఉంటే తోలడం నేరం కాదు."

"మనిషి పోయినాక గూడా కాదా సార్?"

గురవయ్య ఏడుస్తున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. ఏడ్చే మనిషి నిజమే చెప్తాడన్న నమ్మకం కరుణాకరానికి ఏనాడూ లేదు.

మధ్యాహ్నం 1.10. ఆసుపత్రి వరండాలో బల్ల మీద సుజాత కూర్చుని ఉంది. ముప్పై ఆరేళ్ళు. కాళ్ళు నేలకు అందడం లేదు. నాలుగడుగుల పది అంగుళాల మనిషి. చీర అంచు మీద రక్తం ఎండిపోయింది. అది ఆమె రక్తం కాదు.

కరుణాకరం ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం జరిగింది?"

"స్టీరింగ్ బిగుసుకపోయింది సార్."

"ఎప్పుడు?"

"మలుపులో. కుడికి తిప్పబోతే రాయి మాదిరి అయిపోయింది. ఎదురుగా పసుపుపచ్చ లైటు ఎలిగింది."

"ఇంతకు ముందు ఎప్పుడన్నా అట్ల అయిందా?"

"మూడుసార్లు. మూడు నెలల్లో."

"అయినప్పుడు ఏం చేసేదానివి?"

"అప్పుడు మెల్లగా పోతాన్నా కాబట్టి ఆపేసినా సార్. తాళం తీసి మళ్ళీ స్టార్ట్ చేస్తే బాగయ్యేది. ఏమీ జరగనట్లే ఉండేది."

"ఎవరికి చెప్పినావు?"

"ఆయనకు. ఆయన మూడుసార్లూ మెకానిక్ దగ్గరికి తీసకపోయినాడు. ఏం లేదన్నారు."

"నీ భర్త తోలినప్పుడు?"

"ఒక్కసారి గూడా రాలేదు."

"మెకానిక్ తోలినప్పుడు?"

"రాలేదు."

"అంటే నువ్వు తోలినప్పుడే వస్తది."

సుజాత తల ఎత్తింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. నవ్వుతూ అన్నవాళ్ళను చాలామందిని చూసింది. ఈయన నవ్వడం లేదు.

"అవును సార్. నేను తోలినప్పుడే."

"మూడు నెలల కింద బండికి ఏమన్నా రిపేరు చేయించినారా?"

"లేదు సార్. సర్వీసుకు గూడా ఇయ్యలేదు."

"రాత్రి గొడవ దేనికి?"

"ఇంక ఆ బండి ముట్టనని చెప్పినా. ఆయన ఒప్పుకోలేదు. రేపు లీవు పెడతా, నువ్వే తోలు, పక్కన కూర్చొని నా కండ్లతో చూస్తా అన్నాడు. అందరూ నిన్ను ఎగతాళి చేస్తాంటే నేను వినలేనన్నాడు. నేను గట్టిగా అరిచినా. నాకు భయం సార్."

"అంటే పొద్దున ఎక్కడికి బయలుదేరినారు?"

"ఎక్కడికీ లేదు సార్. చూసేదానికే బయలుదేరినాము."

శ్యాంసన్ రాసుకుంటున్న పెన్ను ఒక క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"బిగుసుకున్నప్పుడు నీ భర్త ఏమన్నా అన్నాడా?"

"చెయ్యి చాపి స్టీరింగ్ పట్టుకున్నాడు. 'నిజమేనే' అన్నాడు."

"తరువాత?"

"అంతే సార్."

కరుణాకరం వెళ్ళిపోబోయాడు. ఆమె పిలిచింది.

"సార్. మా సుమ వాళ్ళ పెదనాయన ఇంట్లో ఉంది. తొమ్మిదేళ్ళు దానికి. శవాన్ని తెచ్చేలోపలే తీసకపోయినారు. నన్ను చూడనియ్యలేదు. మీ అమ్మే మీ నాయనను చంపింది అని చెప్పినారంట దానికి."

కరుణాకరం ఆగి వెనక్కి తిరిగాడు.

"జైలుకు పొమ్మంటే పోతా సార్. ఆ మాట మాత్రం అది నమ్మకూడదు."

బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు వచ్చింది. ఒకటే పేజీ. బ్రేకులు: సక్రమం. స్టీరింగ్: సక్రమం. ప్రమాదానికి కారణమయ్యే యాంత్రిక లోపం ఏదీ లేదు.

నాలుగున్నరకు గురవయ్య వచ్చాడు. రిపోర్టు సంగతి అతనికి అప్పటికే తెలుసు. ఎట్లా తెలిసిందో కరుణాకరం అడగలేదు. ఇలాంటివి ఎప్పుడూ ముందే తెలుస్తాయి.

"బండిలో ఏం లేదంట గదా సార్. ఇంకా ఏంది ఆలోచన? నిర్లక్ష్యం కేసు తీసేసి మర్డర్ కేసు పెట్టండి."

"శుక్రవారం దాకా ఆగు."

"శుక్రవారం వస్తే నా తమ్ముడు లేచొస్తాడా?"

"రాడు. అందుకే ఆగమంటున్నా. తొందర ఎవరికి?"

గురవయ్య మొహం ఎర్రబడింది.

"ఆ పిల్లను మాత్రం ఆమె చేతికి ఇయ్యను సార్. ఇప్పుడే చెప్తున్నా."

"నేను అడిగినానా?"

"అడగకముందే చెప్తున్నా."

గురువారం ఉదయం 10.15. మెకానిక్ వెంకటేశ్వర్లు షెడ్డు. వెంకటేశ్వర్లు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. కుర్చీ వేయించాడు. కరుణాకరం కూర్చోలేదు.

"కాటమరాజు బండి ఎన్నిసార్లు చూసినావు?"

"మూడుసార్లు సార్. పాపం మంచోడు."

"ఏం చూసినావు?"

"అంతా చూసినా సార్. కరెంటు స్టీరింగ్ అది. మోటారు చూసినా, ఫ్యూజు చూసినా, బ్యాటరీ చూసినా. ప్రతిసారీ పది కిలోమీటర్లు తోలినా. కంభం రోడ్డు మీద ఒంటి వేలుతో తిప్పినా సార్. వెన్న మాదిరి ఉంది."

"బండిలోని కంప్యూటర్‌కు స్కానర్ పెట్టినావా?"

వెంకటేశ్వర్లు గుడ్డను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"పెట్టినా."

"ఏం చూపించింది?"

"ఏదో పాత కోడ్ సార్. స్టీరింగ్‌కు కరెంటు అందలేదని."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లూ."

"ఏం చేసినావు?"

"కొట్టేసినా. మరి బండి బాగానే తిరుగుతాంది గదా సార్! అట్లాంటి కోడ్‌లు వస్తాంటాయి, పోతాంటాయి."

"కరెంటు అందలేదని బండి మూడుసార్లు చెప్పింది. సుజాత మూడుసార్లు చెప్పింది. నువ్వు ఇద్దరి మాటా కొట్టేసినావు."

"అట్ల కాదు సార్..."

"ఆమె చేత తోలించి చూసినావా?"

"ఆమె చేత ఎందుకు సార్? రోగం ఉంటే బండికుండాల గానీ."

"ఎవరు తోలితే వస్తదో వాళ్ళ చేత తోలించవా?"

పక్కన స్కూటర్ విప్పుతున్న పనివాడు తల దించుకుని చిన్నగా అన్నాడు.

"అన్న ఆ యక్కతో సైకిల్ కొనుక్కోమన్నాడు సార్. అందరి ముందర."

"ఏదో సరదాకన్నా సార్," అన్నాడు వెంకటేశ్వర్లు. "చేతుల్లో బలం లేని మనిషి. స్టీరింగ్ బిగుసుకుందంటే ఏమనుకుంటాం?"

కరుణాకరం బయటికి వచ్చి జీపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. నొప్పి వస్తుంది, మళ్ళీ పోతుంది అని చెప్పిన మనిషిని ఆయన ఒకప్పుడు ఎరుగును. డాక్టర్ ముందు కూర్చునే సరికి ఆమెకు నొప్పి ఉండేది కాదు. డాక్టర్ నవ్వేవాడు. పక్కన కూర్చున్న మొగుడూ నవ్వాడు. ఆ మొగుడు తనే.

ఆయన జీపు ఎక్కాడు.

12.20కి స్టేషన్ ఆవరణలో వ్యాన్ తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. హాయిగా ఉంది. కాళ్ళు చాపుకోవచ్చు. ఆయన ఐదడుగుల ఎనిమిది అంగుళాలు.

ఐదు నిమిషాలు అట్లాగే కూర్చున్నాడు. తరువాత కిందికి చూశాడు.

"శ్యాంసన్!"

"సార్."

"ఈ సీటు ఎవరు వెనక్కి జరిపినారు?"

"నేనే సార్. స్పాట్ నుంచి బండి ఇక్కడికి తెచ్చింది నేనే గదా. సీటు మరీ ముందుకుంది. మోకాళ్ళు స్టీరింగ్‌కు కొట్టుకుంటాన్నాయి. ఎక్కకముందే వెనక్కి లాగినా."

"ఎక్కకముందేనా?"

"అవును సార్. ముందు వెనక్కి జరిపి, తరువాత ఎక్కినా."

"మోటారు ఇన్‌స్పెక్టర్ తోలినప్పుడు సీటు ఎక్కడుంది?"

"నేను లాగిన చోటే సార్. ఆయన నాకన్నా పొడుగు."

"కాటమరాజు?"

"పొడుగే సార్. శవం కొలత రాసింది నేనే. ఐదడుగుల తొమ్మిది."

"వెంకటేశ్వర్లు?"

శ్యాంసన్ చెప్పబోయి ఆగాడు. అతనికి ఇప్పుడు అర్థమవుతోంది.

"ఈ బండిని నలుగురు మగవాళ్ళు పరీక్ష చేసినారు," అన్నాడు కరుణాకరం. "అందులో ముగ్గురు చేసిన మొదటి పని ఒకటే. చెయ్యి కిందికి పెట్టి సీటు వెనక్కి లాగడం. నాలుగో ఆయన ఆ లాగిన సీట్లోనే కూర్చున్నాడు. ఆమె కూర్చున్న చోట ఒక్కడు కూడా కూర్చోలేదు."

"ఇప్పుడు ముందుకు జరిపి చూద్దామా సార్?"

"ముట్టుకోవద్దు. సీటు, బరువు, చెయ్యి, అన్నీ ఆ రోజువే కావాలి. సాక్షులు కూడా కావాలి. కంభంలో జాఫర్ అని ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. రేపు పదకొండుకు రమ్మని చెప్పు."

శుక్రవారం ఉదయం 11.05. స్టేషన్ వెనక ఖాళీ స్థలం. ఎండ అప్పుడే మండుతోంది. గురవయ్య ఒక పక్క. వెంకటేశ్వర్లు ఒక పక్క. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వాచీ చూసుకుంటున్నాడు. జాఫర్ పనిముట్ల సంచి పక్కన గొంతుకూర్చున్నాడు. అరవై ఏళ్ళు, తెల్ల గడ్డం.

సుజాత అందరికీ దూరంగా నిలబడి ఉంది.

ముందు శ్యాంసన్ తోలాడు. కుడికి తిప్పాడు. ఎడమకు తిప్పాడు. పది చుట్లు తిరిగాడు. ఏమీ కాలేదు.

"చూసినారు గదా," అన్నాడు మోటారు ఇన్‌స్పెక్టర్. "నేను రాసిందే నిజం. నాకు మధ్యాహ్నం వేరే పని ఉంది."

"ఇంకొక్కరు తోలాలి," అన్నాడు కరుణాకరం. "సుజాతా, రా."

ఆమె కదల్లేదు.

"నా వల్ల కాదు సార్."

"రా అమ్మా."

"ఆయన కూర్చున్న చోటు అట్లనే ఉంది సార్. ఆ తలుపు గూడా అట్లనే ఉంది. దాని పక్కన నేను కూర్చోలేను."

"కూర్చోకపోతే నేను రాసేది వేరే ఉంటది. దాన్ని నీ కూతురు పెద్దయి చదువుకుంటది."

ఆ మాట కఠినంగానే ఉంది. ఆయన దాన్ని మెత్తబరచలేదు.

ఆమె వచ్చింది. సీటు కింద చెయ్యి పెట్టింది. టక్, టక్, టక్, టక్. సీటు చివరిదాకా ముందుకు జరిగింది. ఎక్కింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. స్టార్ట్ చేసింది.

"కుడికే తిప్పు," అన్నాడు కరుణాకరం. "మెల్లగా."

మొదటి చుట్టు. ఏమీ లేదు.

రెండో చుట్టు. గురవయ్య తువ్వాలు దులిపాడు.

మూడో చుట్టు సగంలో బండి కుడికి తిరుగుతున్నదల్లా తిన్నగా పోయింది. ఆమె బ్రేకు తొక్కింది. ఆగింది. దుమ్ము లేచింది.

"సార్!" సుజాత గొంతు చీలిపోయింది. "వచ్చింది సార్! లైటు చూడండి! వచ్చింది!"

అందరూ పరుగెత్తారు. పసుపుపచ్చ లైటు వెలుగుతోంది. శ్యాంసన్ కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పబోయాడు. రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ కళ్ళద్దాలు తీశాడు. ఆయన కూడా తిప్పి చూశాడు. తాళం తీయబోతే కరుణాకరం ఆపాడు.

"తీస్తే బాగయిపోతది. జాఫర్, ఇట్లనే చూడు. అమ్మా, నువ్వు దిగు. నిదానంగా."

ఆమె దిగింది. సీటు మీద నుంచి బరువు లేచినప్పుడు కింద ఎక్కడో చిన్న చప్పుడయింది. జాఫర్ ఒక్కడే విన్నాడు. మ్యాట్ ఎత్తి, టార్చి వేసి, నేల మీద పడుకుని చాలాసేపు చూశాడు.

"దొరికింది సార్."

"చెప్పు."

"సీటుకు నాలుగు కాళ్ళు సార్. నాలుగూ బోల్టులతో నేలకు బిగించి ఉంటాయి. కంపెనీ బిగింపు కాదిది. ప్రతి కాలి కింద ఒక ముక్క పెట్టి ఎత్తినారు. ఎడమవైపు ముందు కాలి కింద ముక్క పగిలింది. పగిలిన అంచు బయటికి పొడుచుకొని ఉంది. దాని కిందనే స్టీరింగ్ మోటారు వైర్లు కలిసే కప్లర్ ఉంది. కప్లర్ లాక్ విరిగింది."

"అయితే?"

"సీటు వెనక్కుంటే మనిషి బరువు వెనక కాళ్ళ మీద పడతది. ముందు ముక్క ఊరికే ఉంటది. సీటు ముందుకు జరిపితే బరువంతా ముందు కాళ్ళ మీదకు వస్తది. బండి కుడికి తిరిగితే మనిషి ఎడమకు ఒరుగుతాడు గదా? ఆ బరువుకు పగిలిన అంచు కప్లర్‌ను నొక్కుతాంది. వెంట్రుకవాసి ఊడుతాంది. కరెంటు పోతాంది. స్టీరింగ్ రాయి అవుతాంది."

"మనిషి లేస్తే?"

"మళ్ళీ అతుక్కుంటది. ఎవరొచ్చి చూసినా బాగుంటది."

"బిగుసుకున్నా తిప్పొచ్చు గదా?" అన్నాడు గురవయ్య. గొంతులో ముందటి బలం లేదు. "ఆ పోలీసాయన తిప్పినాడు గదా!"

జాఫర్ అతని వైపు చూశాడు.

"బిగుసుకుందని తెలిసి తిప్పినాడు భాయ్. రెండు చేతులా తిప్పినాడు, నిలబడిన బండిని. మలుపులో తెలియకుండా పోతే, అది అర్థమయ్యే లోపల మలుపు అయిపోతది. నీకయినా అంతే, నాకయినా అంతే."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"నేను చూసినప్పుడు మాత్రం సక్రమంగానే ఉంది సీఐ గారూ. నా రిపోర్టులో తప్పు లేదు."

"మీ సీటు సక్రమంగానే ఉంది," అన్నాడు కరుణాకరం. "ఆమె సీటు మీరు చూడలేదు. ఆ సంగతి మీ చేత్తోనే రాసి ఇవ్వండి. ఈ రోజే."

వెంకటేశ్వర్లు రెండు చేతులూ జోడించి సుజాత వైపు ఒక అడుగు వేశాడు.

"అక్కా..."

ఆమె చూడలేదు. కరుణాకరం చూశాడు.

"నువ్వు సాక్షివి. కొట్టేసిన కోడ్‌ల సంగతి కోర్టులో చెప్తావు. సైకిల్ మాట కూడా చెప్తావు. సరదాకన్నా అని మాత్రం అనొద్దు."

జాఫర్ బోల్టు విప్పి ముక్కను బయటికి తీశాడు. అరచేతిలో పెట్టి చూపించాడు.

నల్లటి పలక.

మార్కాపురంలో మంచం ఊగితే కాలి కింద పలక ముక్క పెడతారు. బీరువా ఊగినా, గ్రైండర్ ఊగినా పలక ముక్కే. అది తప్పని అక్కడ ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఈ ముక్క చేతికందింది తెచ్చి పెట్టింది కాదు. నాలుగు అంచులూ మిషన్ మీద కోసినవి. నడిమధ్య బోల్టు పట్టేటంత గుండ్రటి రంధ్రం. రంధ్రం అంచును కూడా నున్నగా అరగదీశారు. ఎంతో ఓపికగా, ఎంతో ఇష్టంగా చేసిన పని.

"ఇనుప ముక్క పెట్టింటే పగిలేది కాదు," అన్నాడు జాఫర్. "బోల్టు బిగిస్తే పలక పొరలు పొరలుగా ఇడిపోతది."

గురవయ్య దగ్గరికి వచ్చాడు.

"ఎవుడు పెట్టినాడు ఇది?"

అతను అందరి మొహాలూ చూశాడు.

"అడిగేది మిమ్మల్నే! ఎవుడు పెట్టినాడు? నా తమ్ముణ్ణి చంపింది ఎవుడు?"

"నేను," అంది సుజాత.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఏడవడం లేదు.

"నేనే పెట్టినా బావా. సీటు తగ్గుగా ఉందని నేనే ఎత్తుకున్నా. రాసుకోండి సార్."

కరుణాకరం శ్యాంసన్ చేతిలోని కాగితాలు తీసుకున్నాడు. రాయలేదు.

"ఎన్నో నంబర్ స్పానర్‌తో విప్పినావు?"

ఆమె జాఫర్ సంచి వైపు చూసింది.

"ఈ రంధ్రం ఎక్కడ వేయించినావు?"

"..."

"ఎప్పుడు పెట్టినావు?"

"మూడు నెలల కింద." అది మాత్రం చెప్పగలిగింది.

"మూడు నెలల కింద బండికి ఏం చేసినారని అడిగితే ఏమీ లేదన్నావు."

"సీటు ఎత్తడం రిపేరని అనుకోలేదు సార్. ఒక ఆదివారం పొద్దున..." ఆగిపోయింది. చెప్పకూడనిది చెప్పబోయానని తెలిసింది.

గురవయ్య పలకను చూస్తున్నాడు. తమ్ముడి చేతిపని అతనికి తెలుసు. ఇంట్లో అందరికంటే అతనికే బాగా తెలుసు. నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

కరుణాకరం సుజాతను పక్కకు తీసుకుపోయాడు. గోడ నీడలో నిలబడ్డారు.

"ఎందుకు అబద్ధం చెప్తున్నావు?"

"సుమకు నాయనంటే ప్రాణం సార్. వాళ్ళ నాయన చేసిన పనికే వాళ్ళ నాయన పోయినాడని తెలిస్తే అది ఏమయిపోతది? నామీదే ఉండనీయండి. నన్ను తిట్టుకుంటది. తిట్టుకోనీ."

"నీమీద రాస్తే నువ్వు జైలుకు పోతావు. అది గురవయ్య ఇంట్లో పెరుగుతది."

"మీరు నిజం రాస్తే?"

"చనిపోయినోళ్ళ మీద కేసు ఉండదు."

"కేసు గురించి అడగలేదు సార్."

అయినా ఆయన నిజమే రాశాడు. సీటు కింద పలక ముక్కలు అమర్చినది మృతుడు కాటమరాజు. అమర్చిన కారణం, డ్రైవరైన భార్య ఎత్తు చాలకపోవడం. ఆమె దోషం లేదు. సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. సమయం 1.50.

సాయంత్రం నాలుగున్నరకు ఆటో ఒకటి స్టేషన్ ముందు ఆగింది. గురవయ్య దిగాడు. వెనక నుంచి సుమ దిగింది. స్కూలు యూనిఫారంలోనే ఉంది. పరుగెత్తి రాలేదు. ఆటో రాడ్డు పట్టుకుని అక్కడే నిలబడింది.

సుజాత మెట్ల మీద నుంచి లేచింది. ఆమె కూడా పోలేదు. పోతే పిల్ల వెనక్కి తగ్గుతుందేమోనని భయం.

"పోమ్మా," అన్నాడు గురవయ్య. "మీ అమ్మ తప్పు లేదని చెప్పినా గదా."

"నువ్వు మొన్న ఉందని చెప్పినావు పెదనాయనా."

గురవయ్య తల దించుకున్నాడు. సుజాత దగ్గరికి వచ్చి ఏదో అనబోయాడు.

"అమ్మాయీ, నేను..."

"పిల్లను తెచ్చినావు. చాలు బావా. ఇంక పో."

అతను ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఆమె అటు చూడలేదు.

సుమ నాలుగడుగులు ముందుకు వేసింది. ఆగింది.

"అమ్మా. నాయన పెట్టిన పలక వల్లేనంట గదా?"

అయితే గురవయ్య చెప్పేశాడు. మూడు గంటలు కూడా ఆగలేకపోయాడు.

వరండాలో నిలబడ్డ కరుణాకరం కదల్లేదు. ఏమీ అనడానికి ఆయనకు హక్కు లేదు.

సుజాత మెట్లు దిగి పిల్ల ముందు కూర్చుంది. ఇప్పుడు ఇద్దరి ఎత్తూ ఒకటే.

"అవును."

"ఎందుకు పెట్టినాడు?"

"నేను పొట్టి గదా. మెడ సాచి సాచి తోలుతాంటే చూడలేకపోయినాడు. నాకు రోడ్డు కనపడాలని పెట్టినాడు."

పిల్ల ఆటో పోయిన రోడ్డు వైపు చూసింది.

"కనపడిందా?"

"కనపడింది," అంది సుజాత. "శానా దూరం కనపడింది."